ముందు మంచినీళ్లడుగుదాం

సేవకు బయలుదేరేవారు ఏం తీసుకెళ్లాలో పట్టీ రాసుకుంటారు. అక్కడ ఏం పుచ్చుకోవాలో మాత్రం ఎవరూ రాసుకోరు. కొన్నేళ్ల కిందట మా సంఘ యవ్వనస్థులతో ఖమ్మం నుంచి దుమ్ముగూడెం అడవిలోని ఒక కోయగూడేనికి వెళ్లినప్పుడు మా పట్టీ కూడా అలాంటిదే. మందులు, దుప్పట్లు, పలకలు, మా భోజనం పొట్లాలు, నీళ్ల సీసాలు, చివరికి ఒక బ్యానరు!

అది ఏప్రిల్ నెల. వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తున్న ఒక తల్లి మమ్మల్ని చూసి లోపలికెళ్లి ఆనపబుర్రతో జొన్నజావ తెచ్చింది. మావాళ్లు నవ్వుతూనే, ‘వద్దమ్మా, మేం తెచ్చుకున్నాం’ అన్నారు. ఆమె బుర్రను కింద పెట్టేసింది. మధ్యాహ్నం మందులివ్వబోతే ఒక వృద్ధుడు చేయి చాచలేదు. ‘మా నీళ్లు తాగనోళ్ల మందు మేమెట్ల మింగేది?’ అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ ప్రాంత ప్రజల మధ్య పుట్టి పెరిగినవాళ్లమనే ధీమా ఆ ఒక్క మాటతో పోయింది. సముద్రం దాటితేనే పరదేశం కాదు, భద్రాచలం దాటి పాతిక కిలోమీటర్లు వెళ్లినా పరదేశులమే.

నిజంగా సముద్రం దాటి అదే దుమ్ముగూడేనికి వచ్చిన వ్యక్తి హేగ్. గోదావరి మీద పడవలు నడిపే పనుల కోసం వచ్చిన సైనిక ఇంజినీరు. ఆనకట్ట రాళ్ల మధ్య పనిచేస్తూనే కోయల గురించి ఆలోచించాడు. ఆయన ప్రోద్బలంతో 1860ల ఆరంభంలో చర్చి మిషనరీ సొసైటీ పరిచర్య అక్కడ మొదలైంది. అయితే గూడేల్లో తిరిగిన తొలి సేవకుడు ఆంగ్లేయుడు కాదు. హేగ్ దగ్గర ఉద్యోగం చేసి, దాన్ని విడిచిపెట్టిన మన వెంకటరామరాజు. ఈ మాట మన సంఘాల్లో ఎందుకో తక్కువగా వినిపిస్తుంది. ఇక నౌకాయాన పనులను ప్రభుత్వం 1871లో ఆపేసింది. హేగ్ మాత్రం కోయ భాష నేర్చుకుని లూకా సువార్తను అందులోకి తెచ్చాడు. అక్కడే ఏళ్ల తరబడి పనిచేసిన జాన్ కెయిన్ కోయల పండుగలు, పెళ్లిళ్లు, కథలు అడిగి తెలుసుకుని 1876 నుంచి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో రాశాడు. ఆయన రాసినవన్నీ మనకు రుచించకపోవచ్చు, కొన్నిచోట్ల దొరతనం కనిపిస్తుంది. కానీ ముందు అడిగాడు, విన్నాడు.

యేసు డెబ్బదిమందిని పంపుతూ సంచి వద్దన్నాడు, ఎదుట పెట్టింది తినమన్నాడు (లూకా 10:4–8). ఎన్నిసార్లు ప్రసంగించామో ఆ వాక్యభాగం మీద! సమరయ స్త్రీతో ఆయన సంభాషణ కూడా దాహమడగడంతోనే మొదలైంది (యోహాను 4:7).

మరుసటి ఏడాది ముగ్గురమే వెళ్లాం. బ్యానరు లేదు, పొట్లాలు లేవు. అప్పుడు భూమి పండుగ రోజులు. విత్తనాలు చల్లేముందు మగవాళ్లు వేటకు పోతారు. ఉత్తచేతులతో తిరిగొచ్చినవారిపై ఆడవాళ్లు పేడ చల్లి ఆటపట్టిస్తారు. ఆ పూజలో మేం పాల్గొనలేదు, మా విశ్వాసం అది కాదు. ఆ సంగతి దాచకుండా చెబితే వాళ్లూ నొచ్చుకోలేదు. మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాటలు వినిపించారు. కోయలో నీళ్లను ‘ఏర్’ అంటారని ఒక పిల్లవాడు నేర్పాడు. మన ఏరే కదా అనుకున్నాం.

ఆ ఇప్పపూల తల్లి ఇంటిముందు ఆగి ‘ఏర్’ అన్నాం. మా ఉచ్చారణకు ఆమె పకపకా నవ్వింది. నీళ్లు ఇచ్చింది, అడగకుండానే జావ కూడా పోసింది. పుల్లగా, చల్లగా ఉంది. మేం రెండోసారి పోయించుకుంటుండగా ఆ వృద్ధుడు కర్ర పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి మోకాలు చూపించి, ‘ఆ గోళీ జావ తాగాక వేసుకోవాలా, ముందు వేసుకోవాలా?’ అని అడిగాడు.