తిథి లేని రాక

'తిథి' అనగా దినము. వచ్చే దినము ముందుగా తెలియనివాడే 'అతిథి'. పిలిచి పెట్టడం మర్యాద. పిలవకుండా వచ్చినవారికి పెట్టగలగడం సంస్కారం. కోనసీమలో డొక్కా సీతమ్మ (1841–1909) జీవితమే ఈ మాటకు వ్యాఖ్యానం.

మండపేటలో జన్మించిన సీతమ్మ, లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్నను వివాహమాడారు. గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు, వేళ కాని వేళలో సైతం ఆమె వండి వడ్డించేవారు.

ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరారు. సీతమ్మగారి ఇల్లు చేరితే అన్నం దొరుకుతుందని, దారిలో కొందరు ప్రయాణికులు ఆకలిగొన్న తమ పిల్లలను ఊరడించడం ఆమె చెవినబడింది. ఎంతో కాలంగా కోరుకొన్న యాత్రను విడిచి, ఆమె వెనుదిరిగి వెళ్లి వారికి వండిపెట్టారని కోనసీమవాసులు చెప్పుకొంటారు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవానికి ఆహ్వానం వచ్చినా వినయంగా నిరాకరించారని ప్రతీతి.

అనుకోని పిలుపును అందుకోవడానికి తీరిక ఒక్కటే చాలదు; సంసిద్ధత కావాలి. ఇంట బియ్యం, మనసులో చోటు ఉన్నవారే తమ దినచర్యను ఇతరుల కోసం క్షణంలో మార్చుకోగలరు.

ఆంధ్రప్రదేశ్‌ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో సీతమ్మ పేరు పెట్టారు. 2025 జనవరిలో ఆ పథకం ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ విస్తరించింది.