పదసూచిక ‘లేదు’ అంటే హదీసు లేనట్లేనా?

ఒక హదీసు ఫలానా గ్రంథంలో ఉన్నదని చెప్పడం ఎంత బాధ్యతతో కూడిన పనో, లేదని చెప్పడమూ అంతే బాధ్యతతో కూడిన పని. పూర్వం ఈ మాట అనడానికి ముహద్దిసులు ఏళ్ళ తరబడి గ్రంథాలను అధ్యయనం చేసేవారు. నేడు కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో ఒక పదం టైపు చేస్తే చాలు, అనేక గ్రంథాలను ఒకేసారి వెదికి క్షణంలో సమాధానం వస్తున్నది. ఇది గొప్ప సౌకర్యమే. కాని తెర మీద ‘ఫలితాలు లేవు’ అన్న మాట కనిపించగానే ‘ఇది బుఖారీలో లేనే లేదు’ అని తీర్పు చెప్పేవారు కూడా బయలుదేరారు. ఆ తీర్పు ఎంతవరకు సమంజసమో గ్రహించాలంటే, యంత్రం వెదికే తీరు కొంత తెలిసి ఉండాలి.

వెదికేది ఎక్కడ?

యంత్రం ప్రతిసారీ గ్రంథాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవదు. గ్రంథంలోని పదాలన్నిటినీ ముందుగానే ఏరి, ఏ పదం ఎక్కడెక్కడ వచ్చిందో ఒక పట్టిక తయారు చేసి ఉంచుకుంటుంది. అదే పదసూచిక. పాఠకుడు వేసిన ప్రశ్న వెళ్ళేది ఆ పట్టిక దగ్గరికే.

ఇటువంటి పట్టికలు ఇస్లామీ విద్యలకు కొత్త కావు. ముహమ్మద్ ఫువాద్ అబ్దుల్ బాఖీ కూర్చిన దివ్య ఖుర్ఆన్ పదసూచిక 1945లో కైరోలో వెలువడింది. డచ్చి పండితుడు వెన్సింక్ ప్రారంభించిన హదీసు పదసూచిక ఏడు సంపుటాలు 1936 నుంచి 1969 వరకు లైడన్ నగరంలో అచ్చయ్యాయి. సిహాహ్ సిత్తా అనే ఆరు గ్రంథాలతో పాటు దారిమీ, ముఅత్తా, ముస్నద్ అహ్మద్‌లు, మొత్తం తొమ్మిది గ్రంథాలు అందులో చేరాయి. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ తొమ్మిదింటికీ నియమం ఒక్కటే: పదాన్ని దాని ధాతువు కింద చూడాలి. నేటి యంత్రాలలో అలా ఉండకపోవచ్చు. ఒక్కొక్క గ్రంథాన్ని ఒక్కొక్కరు, ఒక్కొక్క కాలంలో, ఒక్కొక్క నియమంతో ఎక్కించి ఉంటారు. ఆ వేర్వేరు సూచికలను ఒకే ప్రశ్నతో వెదికినప్పుడే చిక్కులు మొదలవుతాయి.

ఒక ఉదాహరణ

సంకల్పాలను గురించిన ప్రసిద్ధ హదీసునే తీసుకుందాం. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఏడు చోట్ల ఉన్నది. ప్రచారంలో ఉన్న సంఖ్యల ప్రకారం అవి 1, 54, 2529, 3898, 5070, 6689, 6953. అందరికీ కంఠస్థమైన ‘నియ్యాత్’ అనే బహువచన రూపం మొదటి చోట మాత్రమే ఉన్నది. తక్కిన చోట్ల ‘నియ్యత్’ అని ఏకవచనం వచ్చింది. 5070లో ‘అఅమాల్’కు బదులు ‘అమల్’ అని ఉన్నది. కనుక బహువచన రూపంతో ఉన్నది ఉన్నట్లుగా వెదికితే ఏడింటిలో ఒక్కటే దొరుకుతుంది. సహీహ్ ముస్లింలోనూ ఏకవచనమే ఉన్నది కనుక అక్కడ ఏమీ దొరకదు. ‘ఇది ముస్లింలో లేదు’ అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? నిజానికి అది అబ్దుల్ బాఖీ సంఖ్య 1907 కింద ఉండనే ఉన్నది!

పొరపాటు ఎక్కడ దాగి ఉంటుంది?

మొదటిది లిపి. ఉర్దూ కీబోర్డు మీద టైపు చేసిన ‘కాఫ్’, ‘యే’ అక్షరాలు కంటికి అరబీ అక్షరాల లాగే ఉన్నా, యంత్రానికి అవి వేరే అక్షరాలు. ఒక సూచిక రెంటినీ ఒకటిగా లెక్కిస్తుంది, మరొకటి లెక్కించదు. ముస్‌హఫ్ లిపిలో ‘సలాత్’ పదం వావ్‌తో ఉంటుంది, నేటి అరబీలో అలిఫ్‌తో వ్రాస్తారు. ఒక రూపంతో వెదికితే రెండవది దొరకకపోవచ్చు.

రెండవది పదరూపం. అరబీలో ‘బి’, ‘వ’, ‘అల్’ వంటివి పదానికి అంటుకొని వస్తాయి. వాటిని విడదీయని సూచికలో మూలపదం కనబడదు. విడదీసి, హరకత్‌లు కూడా తీసివేసిన సూచికలో అనవసరమైనవీ వస్తాయి. ‘ఇల్మ్’ (జ్ఞానం), ‘అలమ్’ (జెండా), ‘అల్లమ’ (నేర్పాడు) అప్పుడు ఒకే రూపం ధరిస్తాయి.

మూడవది సంఖ్య. పైన చెప్పిన ముస్లిం హదీసుకు అబ్దుల్ హమీద్ సిద్దీఖీ ఆంగ్లానువాదంలో సంఖ్య 4692. రెండు ముద్రణలూ ఒకే యంత్రంలో ఉంటే ఒకే హదీసు రెండుగా లెక్కకు వస్తుంది.

నాలుగవది వరుస. ప్రతి సూచికా తన గ్రంథంలో పదం ఎంత అరుదో చూసి ఫలితాలకు మార్కులు వేస్తుంది. ఒక సూచిక వేసిన మార్కులను మరొక దాని మార్కులతో పోల్చరాదు. ముందుగా కనిపించిన హదీసే ఎక్కువ ప్రామాణికమనుకోవడం పొరపాటు. ప్రామాణికతను నిర్ణయించేది సనద్, తెర మీది వరుస కాదు.

తెలుగు అనువాదాలలోనూ ఈ చిక్కు ఉన్నది. ఒకరు ‘నమాజు’ అంటారు, మరొకరు ‘నమాజ్’, ఇంకొకరు ‘సలాహ్’ అంటారు. ‘నమాజులో’, ‘నమాజుకు’ అని విభక్తులు చేరితే రూపం మళ్ళీ మారుతుంది.

సరిచూసుకునే పద్ధతి

ముందుగా, ఆ గ్రంథంలో తప్పక ఉన్నదని తెలిసిన ఒక హదీసును వెదకాలి. అదీ దొరకకపోతే లోపం సూచికలోనో, టైపు చేసిన లిపిలోనో ఉన్నట్లే. అన్ని గ్రంథాలనూ కలిపి వెదకడం మాని, ఒక్కొక్క దానినే విడిగా వెదికితే ఏ సూచిక పలకడం లేదో బయటపడుతుంది. సమాధానం ఇవ్వలేకపోయిన సూచిక, ఏమీ లేని సూచిక, రెండూ పాఠకుడికి ఒకే విధంగా కనిపించవచ్చు. పూర్తి వాక్యానికి బదులు అరుదైన ఒకటి రెండు పదాలతో, ఏకవచన బహువచనాలు మార్చి వెదకాలి. అప్పటికీ దొరకకపోతే ఉల్లేఖకుల పేర్లతో ప్రయత్నించాలి. సంకల్పాల హదీసును ‘అల్‌ఖమా బిన్ వఖ్ఖాస్’ పేరుతో వెదికితే, మాటలు మారినా సనద్ దారి చూపుతుంది. చివరకు దొరికిన దానిని అచ్చు గ్రంథంలో అధ్యాయంతో సహా చూసుకోవాలి.

ఇంత చేసిన తరువాత కూడా దొరకకపోతే, ‘ఈ గ్రంథాలలో, ఈ పదాలతో వెదికినప్పుడు కనిపించలేదు’ అని మాత్రమే చెప్పడం న్యాయం. ‘లేదు’ అనే హక్కు ఆ గ్రంథాలలో ఆరితేరిన వారిది. దైవప్రవక్త (స) చెప్పని మాటను ఆయనకు అంటగట్టడం ఘోరమైన పాపమని ప్రతి ముస్లిమూ ఎరుగును. ఆయన చెప్పిన మాటను ఒక యంత్రం చూపలేదన్న కారణంతో త్రోసివేయకుండా ఉండటానికీ అంతటి జాగ్రత్తే కావాలి.