బరువు తగ్గించుట ఒక్కరి పని కాదు

హైదరాబాదునకు దక్షిణముననున్న శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైనది. అచ్చట విమానములు రాత్రింబవళ్లు దిగుచుండును. ఏ విమానమూ ఒక్కసారిగా నేలమీదికి రాదు. సుమారు 3 డిగ్రీల వాలులో మెల్లగా దిగును. పైలట్, రాడార్ చూచువారు, వాతావరణ సమాచారమునిచ్చువారు కలసి పనిచేసినగాని అది క్షేమముగా దిగదు. స్థూలకాయుల బరువు దించుట కూడ ఇట్టి పనియే. వైద్యుల పర్యవేక్షణలో ఇది ఎట్లు జరుగునో చూతము.

కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తు యొక్క వర్గముచే భాగించినచో శరీర ద్రవ్యరాశి సూచిక వచ్చును. భారతీయులైన పెద్దవారిలో ఇది 23కు చేరిన అధిక బరువనియు, 25కు చేరిన స్థూలకాయమనియు మన వైద్యులు పరిగణింతురు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో నూటికి 24 మంది స్త్రీలకు, 23 మంది పురుషులకు ఈ సూచిక 25 లేక అంతకు మించి ఉన్నది.

విమానాశ్రయములో రాత్రి షిఫ్టున సామానులు మోయు ఒక కార్మికుని ఉదాహరణగా తీసికొందము. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు. సూచిక 29.4. మధుమేహమునకు మాత్రలు వాడుచున్నాడు.

మొదట చూడవలసినది వైద్యుడు. థైరాయిడ్ లోపము వలన గాని, వాడుచున్న మందుల వలన గాని బరువు పెరిగినదేమో ఆయన పరీక్షించును. మధుమేహపు మాత్రలు కొన్నిటిని పూర్వపు మోతాదులోనే మ్రింగుచు తిండి మాత్రము తగ్గించినచో, రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. కావున మోతాదును సవరించుట ఆయన బాధ్యత.

తరువాత ఆహార నిపుణురాలు. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, 2024 సూచనలలో వారమునకు అరకిలో తగ్గుట క్షేమకరమనియు, ఆహారము దినమునకు 1,000 కిలోకాలరీలకు తగ్గరాదనియు చెప్పినది. ఒక కిలో శరీరపు క్రొవ్వులో సుమారు 7,700 కిలోకాలరీలుండును. అరకిలోకు 3,850, ఏడు దినములకు పంచిన దినమునకు 550. ఆ మేరకు అన్నము, నూనె, చక్కెర తగ్గించి, పప్పు, గ్రుడ్డు, కూరగాయలు తగ్గకుండ ఆమె పట్టిక వ్రాయును. రాత్రి మేలుకొనువాడు ఏ వేళ తినునో కూడ ఆమె అడిగి తెలిసికొనును.

ఈ జాగ్రత్త ఏల? 1970ల చివర అమెరికాలో ద్రవరూప మాంసకృత్తులను మాత్రమే త్రాగి త్వరగా సన్నబడజూచినవారు పలువురు, గుండె లయ తప్పి మరణించిరి. ఆ మాంసకృత్తులు నాసిరకమువి. వానిలో అవసరమైన లవణములును చాలినంత లేవు.

తిండి తగ్గినపుడు క్రొవ్వుతోపాటు కండయు కరగును. దానిని నిలుపుటకు, మోకాళ్లు నొవ్వకుండ తగిన వ్యాయామము నేర్పుటకు ఫిజియోథెరపిస్టు కావలెను.

పైన చెప్పిన 550 లెక్క ఎల్లకాలము సాగదు. 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు ఆరునెలలు అర్ధాహారము పెట్టి పరిశీలించెను. వారి శరీరములు శక్తి వ్యయమును బాగుగ తగ్గించుకొన్నవి. మనస్సులు తిండిని గూర్చియే తలపోసినవి. కాబట్టి బరువు తగ్గుట ఆగిపోవుటకు కారణము సోమరితనమే కానక్కరలేదు. అది శరీరధర్మము కూడ. ఈ సంగతి రోగికి బోధపరచి, నిరాశ చెందనీయక నిలబెట్టువాడు మనస్తత్వ నిపుణుడు.

ప్రతివారము బరువు, నడుము కొలత, రక్తపుపోటు వ్రాసియుంచి, రానివారిని పిలిపించునది నర్సు. ఆ పుస్తకమును చూచియే మిగిలినవారు తమ సలహాలను మార్చుకొందురు. 2025లో మన దేశమునకు వచ్చిన బరువు తగ్గించు క్రొత్త సూదిమందులకును ఈ పర్యవేక్షణ తప్పదు.

ఉపాధ్యాయులు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. పై సంఖ్యలు పెద్దవారివి. ఎదుగుచున్న పిల్లలకు వయస్సును బట్టి వేరు పట్టికలు కలవు. తరగతిలో లెక్క చేయించవచ్చును గాని, దానిని చూచి ఏ విద్యార్థియు తనంతట తాను అన్నము మానరాదు.