మూడు క్లౌడ్‌లలో ఏది? ముందు బిల్లు సంగతి చూడండి

మొన్న ధర్మసాగర్ వెళ్తే, మా చిన్నాయన కొడుకు చెరువు కట్ట మీదే పట్టుకున్నాడు. బీటెక్ మూడో సంవత్సరం. 'అన్నా, ఏడబ్ల్యూఎస్ నేర్చుకోవాల్నా, అజూరా, గూగులా? కార్డు నంబర్ అడుగుతున్నది, బాపు ఇయ్యనంటున్నడు' అన్నాడు.

బాపు భయం ఉత్తది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ప్రాక్టీస్ కోసం ఓ సర్వర్ తీసుకుని, ఆపడం మరిచి దసరాకు ఇంటికొచ్చేశా. నెలాఖరుకు ఆరు వేల బిల్లు! ఏ కంపెనీ అన్నది అనవసరం, తప్పు నాదే.

క్లౌడ్ అంటే గంట లెక్కన ట్రాక్టర్ కిరాయికి తెచ్చుకోవడం లాంటిదే. కాకపోతే దున్నడం అయిపోగానే ట్రాక్టర్ వెళ్లిపోతుంది. సర్వర్ పోదు. మీరు పొమ్మనేదాకా ఉంటుంది, మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

మూడింటిలోనూ సరుకు దాదాపు ఒకటే, పేర్లే వేరు. కిరాయి కంప్యూటర్‌ను ఏడబ్ల్యూఎస్‌లో ఈసీ2 అంటారు, అజూర్‌లో వర్చువల్ మెషీన్, గూగుల్‌లో కంప్యూట్ ఇంజిన్. ఒకటి వస్తే రెండోది పట్టుబడడానికి ఎక్కువ రోజులు పట్టదు. కాబట్టి కొత్తవాళ్లకు అసలు తేడా ఫ్రీ ఆఫర్‌లోనే ఉంది.

గూగుల్ 90 రోజులకు 300 డాలర్ల క్రెడిట్ ఇస్తుంది. అజూర్ 30 రోజులకు 200. ఏడబ్ల్యూఎస్ 2025 జులైలో పద్ధతి మార్చింది: చేరగానే 100 డాలర్లు, చెప్పిన పనులు చేస్తే ఇంకో 100 దాకా, గడువు ఆరు నెలలు. ఈ ఫ్రీ ప్లాన్‌లలో ఉన్నంతకాలం మామూలుగా బిల్లు పడదు. 'అప్‌గ్రేడ్' బటన్ నొక్కారో, అక్కడి నుంచి మీటర్ మొదలు.

విద్యార్థులకైతే అజూర్‌లో ఇంకో దారి ఉంది. కాలేజీ మెయిల్ ఐడీతో చేరితే కార్డు అడగకుండానే 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. మా తమ్ముడికి అదే చెప్పా. ఉద్యోగాల మాటకొస్తే మార్కెట్‌లో ముందున్నది ఏడబ్ల్యూఎస్. 2006లోనే మొదలెట్టింది, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే రీజియన్ తెరిచింది. ఫైనలియర్‌లో అటు మారొచ్చు. డేటా, ఏఐ వైపు మనసుంటే గూగుల్ బాగుంటుందని నా అభిప్రాయం.

అయితే ఏది తీసుకున్నా ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. అది మెయిల్ పంపుతుందంతే, సర్వర్‌ను ఆపదు. ఇంకోటి. సర్వర్ ఆపినా దాని డిస్క్‌కు అద్దె పడుతూనే ఉంటుంది. అజూర్‌లో విండోస్ లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే మెషీన్ అద్దె కూడా ఆగదు, పోర్టల్‌లోకి వెళ్లి స్టాప్ నొక్కాలి. పని పూర్తిగా అయిపోతే డిలీట్ చేయడమే మేలు.

వాడు ఆ రాత్రే ఖాతా తెరిచి ఓ చిన్న వెబ్‌సైట్ పెట్టాడు. చిన్నాయన దాన్ని ఫోన్‌లో అటూఇటూ తిప్పి చూసి, 'మంచిగనే ఉన్నది గని, బందు జేసినవా లేదా?' అన్నాడు.