పోలీసులకు సంఘాలున్నా భార్యలే ఎందుకు రోడ్డెక్కారు?

2024 అక్టోబరులో తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. ‘ఏక్ పోలీస్’ విధానం తేవాలని, భర్తలను కుటుంబాలకు దూరంగా ఊరూరా తిప్పే పద్ధతి మార్చాలని వారు డిమాండ్ చేశారు. తర్వాత కానిస్టేబుళ్లూ గొంతు కలిపారు. ఆ నెలాఖరుకే 39 మంది సస్పెండయ్యారు. మరో 10 మందిని విచారణ జరపకుండానే ఉద్యోగాల నుంచి తొలగించారు. రాజ్యాంగంలోని 311వ అధికరణం అందుకు వీలిస్తుంది.

ముందు భార్యలే ఎందుకు వచ్చారన్నదానికి జవాబు చట్టంలో ఉంది. సాయుధ బలగాలు, పోలీసుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే అధికారాన్ని 33వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ అధికారంతో వచ్చిన 1966 నాటి చట్టం ప్రకారం, అనుమతి లేకుండా పోలీసులు యూనియన్‌లో చేరకూడదు, పత్రికలకెక్కకూడదు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు. భార్యలకు ఈ చట్టం వర్తించదు.

అయితే ఇక్కడ ‘అనుమతి’ అన్న మాట కీలకం. నిషేధం సంపూర్ణం కాదు కాబట్టే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ వంటి చోట్ల పోలీసు సంఘాలు పనిచేస్తున్నాయి. బకాయిలు, సెలవులు, పదోన్నతులు, క్వార్టర్ల గురించి డీజీపీకి, హోంమంత్రికి వినతిపత్రాలిస్తాయి. విధుల్లో చనిపోయినవారి కుటుంబాలకు రావాల్సిన సాయం కోసం తిరుగుతాయి. సమ్మె మాత్రం చేయలేవు. పైగా సంఘం నాయకుడు ఏ అధికారితో బేరమాడాలో ఆ అధికారి కిందే ఉద్యోగం చేయాలి. గట్టిగా అడగడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

తుపాకులున్నవాళ్లు సమ్మెకు దిగితే ఎలా అన్న భయం ఉత్తది కాదు. 1973లో ఉత్తరప్రదేశ్‌లో పీఏసీ తిరుగుబాటు తర్వాత ముఖ్యమంత్రి కమలాపతి త్రిపాఠీ రాజీనామా చేయాల్సి వచ్చింది. 1979లో బొకారోలో సీఐఎస్ఎఫ్ జవాన్ల మీదికి సైన్యాన్నే పంపారు. 1986లో సుప్రీంకోర్టు 1966 చట్టాన్ని సమర్థించింది. బలమైన యూనియన్లతో వేరే చిక్కూ ఉంది. అమెరికాలో తప్పు చేసిన పోలీసులను శిక్ష పడకుండా కాపాడుతున్నాయని అక్కడి సంఘాలపై విమర్శ ఉంది.

కానీ నోరు నొక్కినంత మాత్రాన కోపం చల్లారదు. కానిస్టేబుళ్ల కష్టాలను, వాటిని వినే ఏర్పాట్లను చర్చించిన జాతీయ పోలీసు కమిషన్ తొలి నివేదిక 1979 ఫిబ్రవరిలో వచ్చింది. మే నెలలో పంజాబ్ పోలీసులు వీధుల్లోకి వచ్చారు. నలభై ఏళ్ల తర్వాత, 2019 నవంబరులో, తీస్ హజారీ కోర్టు దగ్గర లాయర్లతో ఘర్షణ జరిగినప్పుడు ఢిల్లీ పోలీసులు సొంత ప్రధాన కార్యాలయం ముందే గంటల తరబడి నిరసన తెలిపారు. విధుల్లోకి వెళ్లండని వారికి చెప్పడానికి కమిషనరే బయటికి రావాల్సి వచ్చింది. ఆ రోజు ఇండియా గేట్ దగ్గర నిరసనకు దిగింది కూడా పోలీసుల కుటుంబాలే.