కాపలా కట్టు తప్పితే

బాలానగర్ దాటి నర్సాపూర్ వైపు వెళ్తుంటే బొంతపల్లి, గుమ్మడిదల చుట్టుపక్కలంతా మందుల ఫ్యాక్టరీలే. గాగుల్స్ అందరికీ ఉంటాయి. చెమటకు మసకబారుతున్నాయని కొందరు నుదుటి మీదికి నెట్టేస్తారు. సరిగ్గా అప్పుడే పైపు జాయింటు లీకై కాస్టిక్ సోడా చుక్క కంట్లో పడితే?

యాసిడ్ కన్నా క్షారం మోసకారి. యాసిడ్ పడ్డచోట ప్రొటీన్లు గడ్డకట్టి, ఆ గడ్డే చాలావరకు దాన్ని అడ్డుకుంటుంది. క్షారం మాత్రం కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. ఆ తర్వాత జరిగే విధ్వంసంలో మన తెల్లరక్తకణాలకూ పెద్ద వాటా ఉంది.

కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలుండవు, ఉంటే చూపు మసకబారుతుంది. అలాగని కాపలా లేకుండా పోలేదు. డెండ్రిటిక్ కణాలు అంచుల్లో ఎక్కువగా, మధ్యలో తక్కువగా ఉంటాయి. హెర్పిస్ సోకి తగ్గాక ఎలుకల కార్నియాలో టి-కణాలు కూడా కాపురం పెడతాయని మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు 2022లో చూపించారు.

ఈ కాపలాకు కట్టుబాటు ఒక్కటే: అయినదానికీ కానిదానికీ వాపు పుట్టించకూడదు. ఈ కట్టుబాటు ఎంత గట్టిదంటే, కుందేలు కంటి ముందు గదిలో పెట్టిన పరాయి చర్మం, రక్తనాళాలు చేరనంతకాలం నిలుస్తుందని పీటర్ మెడావర్ 1948లో ప్రకటించాడు. చొరబడిన కణాలను చంపేసే ఫాస్ లైగాండ్ అనే ప్రొటీన్ కంటి లోపలి పొరల మీద ఉంటుందని 1995లో తేలింది.

రసాయనం ఆ కట్టును తెంచేస్తుంది. తెల్లగుడ్డు అంచునున్న నాళాల నుంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు గుంపులుగా వస్తాయి. అవి వదిలే ఎంజైములు కార్నియాకు బలమిచ్చే కొల్లాజెన్‌నే కరిగిస్తాయి. అంచులోని మూలకణాలు కాలిపోతే రక్తనాళాలు కార్నియా మీదికి పాకుతాయి. ఇక దాత కార్నియా అతికించినా, ఆ నాళాల వెంట వచ్చిన కణాలు దాన్ని తిప్పికొట్టే ప్రమాదం ఎక్కువ. 1905లో ఎడువర్డ్ జిర్మ్ చేసిన తొలి విజయవంతమైన కార్నియా మార్పిడి కూడా సున్నం పడి చూపు పోయిన కూలీకే. అతని అదృష్టం బాగుంది.

అందరూ అంత అదృష్టవంతులు కారు. అలాంటివాళ్లకు దారి చూపింది మన పక్కనే, హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ. అక్కడ వీరేందర్ సంగ్వాన్ బృందం 2012లో వెల్లడించిన పద్ధతి ఇది: బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని చిన్నచిన్న తునకలు చేసి, దెబ్బతిన్న కంటి మీద పరిచిన ఉమ్మనీటి సంచి పొరపై జిగురుతో అంటిస్తారు. ల్యాబులో కణాలు పెంచే ఖర్చు లేదు. సొంత కణాలే కనుక శరీరం తిరగబడదు. రెండు కళ్లూ దెబ్బతింటే దాత కణాలు ఒక దారి. వాటిని నిలుపుకోవాలంటే రోగనిరోధకశక్తిని అణిచే మందులు వాడాలి.

కంట్లో రసాయనం పడితే ఆముదం, చనుబాలు వద్దు. విరుగుడు కోసం వెతుకుతూ నిలబడొద్దు. రెప్పలు తెరిచిపట్టి కనీసం పావుగంట మంచినీళ్లతో ఆగకుండా కడిగి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరండి. షిఫ్టు ఎక్కగానే మొదట ఐవాష్ తిప్పి, నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకోండి.