అత్త వంట, నా సంతకం

మా అత్త కూకట్‌పల్లిలో ఇళ్లకు వెళ్లి వంట చేస్తుంది. రోజూ మూడు ఇళ్లు, శని ఆదివారాల్లో సీమంతాలు, బర్త్‌డేల లాంటి చిన్న ఆర్డర్లు. స్టైల్‌గా చెప్పాలంటే పర్సనల్ షెఫ్. ఆ మాట అంటే ఆవిడ నవ్వేస్తుంది.

పోయిన సెమిస్టర్‌లో బాత్రూంలో జారిపడి అత్త కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. వంటకి ఇద్దరు హెల్పర్లు ఉన్నారు, సంతకానికే ఎవరూ లేరు. మామయ్య లేరు, వదిన బెంగళూరులో ఉంటుంది. కిరాణా హోల్‌సేల్ వాళ్లకి చెక్కులు ఇవ్వాలి, ఒక ఇంటివాళ్లతో ఏడాది అగ్రిమెంట్ రెన్యువల్ చెయ్యాలి. "ఒరేయ్, నీకు పద్దెనిమిది దాటాయిగా, నీ పేరు మీద పవర్ రాసిస్తా" అంది అత్త.

తెలిసినాయన ఒకరు జిరాక్స్ షాపు నుంచి రెడీమేడ్ జీపీఏ ఫార్మాట్ తెచ్చారు. చదివితే మూడో పేజీలో నాకు చెమట పట్టింది. అత్త పేరున ఉన్న ఇల్లు, స్థలం అమ్మే, తాకట్టు పెట్టే హక్కు కూడా అందులో ఉంది! రెండు చెక్కుల మీద సంతకం కోసం ఇల్లు ఎందుకు రాసివ్వాలి?

పవర్ ఆఫ్ అటార్నీ అంటే "నా బదులు ఈ పనులు ఇతను చెయ్యొచ్చు" అని రాసిచ్చే అధికార పత్రం. దీనికి 1882 నాటి చట్టం ఒకటి ఉంది. ఇచ్చేవాళ్లకీ ఏజెంట్‌కీ మధ్య బాధ్యతలు మాత్రం 1872 కాంట్రాక్ట్ చట్టంలో ఉంటాయి. జనరల్ పవర్ అంటే చాలా పనులకి, స్పెషల్ పవర్ అంటే రాసిన పనికి మాత్రమే. మన భాషలో చెప్పాలంటే మొదటిది రూట్ యాక్సెస్, రెండోది స్కోప్ పెట్టిన ఏపీఐ కీ. కాలేజీ ప్రాజెక్ట్‌కే రూట్ ఇవ్వం కదా!

అందుకే ఒక లాయర్ దగ్గరికి వెళ్లి స్పెషల్ పవర్ రాయించాం. ఏ బ్యాంకు ఖాతా, ఎంత మొత్తం వరకు చెక్కులు, ఎవరితో అగ్రిమెంట్, ఏ తేదీ దాకా, అన్నీ స్పష్టంగా రాశారు. అత్త నోటరీ ముందు వేలిముద్ర వేసింది, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు. ఒక విషయం గుర్తుంచుకోండి. ముందే బ్యాంకుకి వెళ్లి అడగాలి, చాలా బ్యాంకులు ఖాతా నడపడానికి తమ సొంత ఫార్మాట్‌లోనే లెటర్ అడుగుతాయి.

ఈ కాగితానికి చేతకాని పనులు కూడా ఉన్నాయి.

ఒకటి, వంట. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 40 ప్రకారం, ఫలానా మనిషే చెయ్యాలని ఒప్పుకున్న పనిని ఆ మనిషే చెయ్యాలి. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ బొమ్మ గీసే మనిషిది. అత్త చేతి గుత్తొంకాయ కోసమే ఒప్పుకున్నవాళ్లకి నేను వెళ్లి వండుతానంటే కుదరదు. వాళ్లకి ముందే ఫోన్ చేసి, హెల్పర్లు వండితే ఫర్వాలేదా అని అడిగాం. ఒకరు వద్దన్నారు, అడ్వాన్స్ వెనక్కిచ్చాం.

రెండోది నన్ను నిజంగా భయపెట్టింది. సెక్షన్ 201 ప్రకారం, ఇచ్చినవాళ్లు చనిపోయినా, మతిస్థిమితం కోల్పోయినా ఏజెంట్ అధికారం మామూలుగా అక్కడితో ఆగిపోతుంది. గూగుల్ చేస్తే అమెరికా పేజీలు వస్తాయి, అక్కడ స్పృహ పోయినా పనిచేసే డ్యూరబుల్ పవర్ ఉంటుంది. మన చట్టంలో అలాంటిది లేదు. కోమాలో ఉన్నవాళ్లకి గార్డియన్ కావాలంటే కుటుంబాలు హైకోర్టుకి వెళ్తున్నాయి. దీనిపై కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఆ రోజు అత్త చేతికి కాక తలకి దెబ్బ తగిలి ఉంటే, ఎంత మంచి కాగితం ఉన్నా నేను ఒక్క చెక్కు కూడా ఇవ్వలేకపోయేవాణ్ణి. అది తెలిశాక వదిన వచ్చి, అత్తతో కలిసి ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే జాయింట్ ఖాతా తెరిచింది. ఇంట్లో ఒక్కళ్ల సంపాదన మీద నడిచే వ్యాపారం ఉంటే మీరూ ఈ వారమే ఈ మాట ఎత్తండి.

మూడోది, రద్దు. ఇచ్చినవాళ్లు పవర్‌ని వెనక్కి తీసుకోవచ్చు, కానీ ఆ సంగతి తెలియని బయటివాళ్ల విషయంలో అది ఇంకా అమల్లో ఉన్నట్టే. కట్టు విప్పగానే అత్త ఎడంచేత్తో కాగితం లాక్కుని, బ్యాంకుకీ కిరాణా వాళ్లకీ రద్దు లెటర్లు రాయించింది.

తర్వాత లెక్క అడిగింది. ఏజెంట్ లెక్క చెప్పాలని కూడా అదే చట్టంలో ఉంది మరి. నా స్ప్రెడ్‌షీట్‌లో 140 రూపాయలు తేలలేదు. "కొత్తిమీర" అన్నాను. నమ్మలేదు.